రాణి రక్తంలో సైన్యం

ఒంట్లో సైన్యం పెరిగితే జబ్బు పారిపోతుందని ఎవరు చెప్పారు మీకు ప్రియులారా?

నేనూ అలాగే అనుకున్నాను. పశువుల ఆసుపత్రిలో మా కుక్క రాణి చిక్కి సగమై బల్ల మీద పడుకుంది. ఇసుక ఈగ కుట్టి దాని ఒంట్లో పరాన్నజీవి చేరిందట. రక్తపరీక్షలో జబ్బుతో పోరాడే యాంటీబాడీలు విపరీతంగా ఉన్నాయని వినగానే చేతిలోని పరిశుద్ధ గ్రంథం పైకెత్తి, "స్తోత్రం! సైన్యం లేచింది! ఇక మందెందుకమ్మా?" అని గర్జించాను.

"మెల్లగా అయ్యగారూ, పక్కగదిలో పిల్లులు హడలిపోతున్నాయి" అంది డాక్టరమ్మ. "ఈ జబ్బులో అవి ఇంతలా పెరిగాయంటే పరాన్నజీవిదే పైచేయి అని అర్థం. అది కణాల లోపల దాక్కుంది. యాంటీబాడీలు అక్కడికి పోలేవు. బయటే గుంపులు కట్టి, చివరికి రాణి కిడ్నీలనే పాడుచేస్తాయి."

"మరి ఆ దొంగను పట్టేదెవరు?"

"లోపలికెళ్లి పనిచేసే కణాలు వేరే ఉన్నాయి. వాటికి తోడుగానే ఈ మందు."

గ్రంథం చంకలో పెట్టుకుని రాణి నోరు తెరిచాను. మాత్ర ఉమ్మేసింది. బతిమాలి మింగించాను.

ఇంటికెళ్తూ, మంచం పట్టిన దర్జీ కిటికీ కింద ఆగాను. రోజూ అక్కడే నిలబడి వీధంతా అదిరేలా ఆయన కోసం ప్రార్థిస్తాను. ఇవాళ తలుపు తట్టి, పలకరిస్తూ లోపలికెళ్లాను.

"నువ్వా అయ్యా!" అన్నాడు దర్జీ. "నీ గొంతే తప్ప ముఖం ఎరగను. కాసిని మంచినీళ్లు అందించు, పొద్దుట్నుంచీ నాలుక పిడచకట్టుకుపోతోంది."

ప్రియులారా, మీ కేక ఏ కిటికీ దగ్గర ఆగిపోయిందో మీకు తెలుసు. మీరు చదువుతున్న ఈ కార్డు కింద పెట్టి లేవండి. ఈ రోజే, ఇప్పుడే, లోపలికి వెళ్లండి!