గోవిందస్వామి మొహం

"నిజం సెప్పప్పా. నేను బతకను గదా?"

డార్క్ రూములోంచి తడి ఫిలిం పట్టుకుని బయటికొచ్చిన గోవిందస్వామిని బైరప్ప అడిగిన మొదటి మాట అది. చొక్కా ఇంకా తొడుక్కోలేదు. కళ్లు ఫిలిం మీద లేవు, గోవిందస్వామి మొహం మీద ఉన్నాయి.

"నేను ఫోటో తీసేవాణ్ణే. అందులో ఏముండాదో డాక్టరు చెప్తాడు. సాయంత్రం వస్తాడు. పోయి బయట కూర్చో."

"మరి మొగం యాల అట్ల పెట్నావు?"

"నా మొగమే అంతప్పా."

"సెప్పలేక అట్లంటాండావు."

గోవిందస్వామికి వాదించే ఓపిక లేదు. మదనపల్లె ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేది ఇద్దరే. రెండో మనిషి చెల్లెలి పెళ్లికని కుప్పం పోయాడు. నిన్నటి పగలు, రాత్రి, మళ్లీ ఈ పగలు ఒక్కడే చేస్తున్నాడు. సీసపు కోటు మోసి మోసి భుజాలు లాగేస్తున్నాయి. తొంభై ఆరు ఎండాకాలం, మధ్యలో కరెంటు కోత ఒకటి. అసలే ఆయన మొహం అంతంతమాత్రం. బాగా నిద్రపోయి లేచిన రోజు కూడా భార్య పద్మావతి, "ఎవరు పోయినారని అట్ల కూర్చోనుండావు?" అంటుంది. ఇప్పుడు సంగతి చెప్పక్కర్లేదు.

ఫిలింను క్లిప్పుకు తగిలించి ఫ్యాను కింద ఆరేశాడు. తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద బైరప్ప పెళ్లాం గంగులమ్మ కూర్చుని ఉంది. పెద్దతిప్పసముద్రం నుంచి పొద్దున్నే తొలి బస్సుకు వచ్చారు. మొన్న చెనక్కాయల మూట ఎత్తినప్పటి నుంచి బైరప్పకు ఎదలో పోటు.

"ఏమన్నాడు?" గంగులమ్మ అడిగింది.

"ఏమనలా. అనలేకపోయినాడు. ఆయప్ప మొగం సూస్తే నాకు తెలిసిపోయిందిలే."

"అట్లనొద్దప్పా."

"మే, నీకొక మాట సెప్పల్ల. మోసుకోని పోలేను." బైరప్ప గొంతు తగ్గించాడు గానీ ఖాళీ వరండాలో ప్రతి మాటా లోపలికి వినపడుతూనే ఉంది. "మీయన్న మునిరాజ, నిన్ను గడప తొక్కొద్దన్నాడని సెప్పినా గదా. ఆయప్ప అన్లేదు. నేనే పుట్టించినా."

గంగులమ్మ ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"ఆ ఏడు జాతరకు నిన్ను తీసకపోదామని మనూరికి వచ్చినాడు. నువ్వు చేనుకాడ ఉండావు. నీ సెల్లెలు నీ మొగం సూడనంటాది అని సెప్పి నేనే పంపించేసినా. నలుగుర్లో నన్ను తాగుబోతన్నాడని నాకు రోషం."

"మాయమ్మ?"

"ముసిల్ది నిన్నే కలవరిస్తాండాదంట. కండ్లు కూడా సరిగా కనపడవంట. మొన్న ఉగాదికి కూడా మీయన్న మీ గంగవరం నుంచి మనిషిని పంపిచ్చినాడు. నీకు సెప్పలా."

గంగులమ్మ గొంతు వినిపించింది. "సంతలో మావూరోళ్లు కనపడితే మొగం తిప్పుకోని పోతాంటి గదప్పా. వాళ్లందరూ ఏమనుకోనుంటారు."

బైరప్ప ఏడుస్తున్నాడు. ఆమె ఏడవడం లేదు.

లోపల గోవిందస్వామికి ప్రాణం ఉసూరుమంది. ఆరీ ఆరని ఫిలింను వెలుగు పెట్టె మీద పెట్టి ఇంకోసారి చూశాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గుండె ఉండాల్సినంతే ఉంది. ఎముకల్లో చిన్న చీలిక కూడా లేదు. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. తన పాడు మొహం చూసి ఒక సంసారంలో ఇంత రచ్చ జరిగిందే అని సిగ్గేసింది. రిజల్టు చెప్పకూడదన్న మాట ఏనాడూ తప్పినవాడు కాదు. ఈసారి మనసు ఒప్పలేదు.

బైరప్ప కళ్లు తుడుచుకుంటూ నీళ్ల కొళాయి దగ్గరికి వెళ్లగానే గంగులమ్మను లోపలికి పిలిచాడు.

"అమ్మా, నేను చెప్పగూడదు. ఎవరితోనూ అనొద్దు. ఫోటో బాగుండాది. నాకు తెలిసి మీ ఆయనకేమీ లేదు. మూట బరువుకు పట్టేసిందేమో. డాక్టరు కూడా అదే అంటాడు."

చెప్పేసరికి ఒళ్లు తేలికైంది. నిన్నటి నుంచి మొదటిసారి ఆయన పెదాల మీదికి నవ్వు వచ్చింది. ఈమె చేతులు జోడించి, మొగుడి దగ్గరికి పరుగెత్తుతుందనుకున్నాడు.

గంగులమ్మ కదల్లేదు. వాకిట్లోకి చూసింది. కొళాయి దగ్గర బైరప్ప గోడ పట్టుకుని, పండు ముసలివాడిలా వంగి నీళ్లు తాగుతున్నాడు. ఆమె తలుపు దగ్గరికి వేసింది.

"డాక్టరుకు రేపు సూపించుకోవచ్చునా?"

"చూపించుకోవచ్చు. యాల?"

"పుంగనూరు మీద పలమనేరు పోయే బస్సు ఇప్పుడు ఉండాదా?"

"ఉంటాది. మీది పెద్దతిప్పసముద్రం గదమ్మా. ఆ దోవలో నీకేం పని?"

"గంగవరం పోతాం. ఇందాక నాకు సెప్పిన మాట ఈయప్ప మాయన్న ముందర, మాయమ్మ ముందర సెప్పల్ల. బాగుండానని తెలిసిందంటే సెప్పడప్పా. బస్టాండు సేరకముందే మాట మార్చేస్తాడు. ఈయప్ప సంగతి నాకు తెలుసు."

బయట బైరప్ప చెప్పుల చప్పుడు తలుపు దగ్గరికి వస్తోంది.

గంగులమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని, చేతులు జోడించింది.

"నిన్ను అబద్ధం సెప్పమనలేదప్పా. ఆ నవ్వు తీసేసి, మేము బస్సెక్కే దాకా మొగం ఇందాకట్లే పెట్టుకోనుండు."