ఫోను చదవని పేజీ

ఇరవై ఏళ్లుగా పాస్‌వర్డ్ పెట్టి దాచుకున్న తన ఆత్మకథ ఫైలును నాన్న ఈ ఉదయమే నాకిచ్చాడు. ఆయనకి కళ్లు పోయాయి. ఇంకో రోజు గడవడం కష్టమన్నాడు డాక్టరు.

"ఈబుక్‌గా మార్చి ఫోనుతో చదివించు దీవెనా. నువ్వు పక్కన కూర్చుని విను."

మూడుసార్లు మార్చాను. డీటీపీ సెంటర్ పెట్టిన రోజుల్లో నాన్న పాత ఫాంటులో కొట్టిన ఫైలది. ల్యాప్‌టాప్‌లో తెలుగు చక్కగానే కనబడుతోంది. ఆ ఫాంటులో తెలుగు అక్షరాల వెనక దాగిన కీబోర్డు గుర్తుల్నే చదువుతూ ఫోను మాత్రం "బ్రాకెట్, స్టార్, హ్యాష్" అని వాగుతోంది. నాన్నకి ఎగశ్వాస మొదలైంది.

"నేనే చదువుతాలే నాన్నా!"

"వద్దమ్మా. ఫోనే చదవాలి."

ఈ దిక్కుమాలిన ఫోను చదివేదెప్పుడు, ఈయన వినేదెప్పుడు? చివరికి గొంతు మార్చి, ఫోనులాగే పొడిపొడిగా నేనే చదవడం మొదలుపెట్టాను. నాన్న నమ్మేశాడు.

పదో పేజీకి వచ్చాను.

"బందరు కాలువలో మునిగిపోయిన నా కొడుకు చెయ్యి వదిలింది దీవెన కాదు, నేను. నింద మాత్రం ఏడేళ్ల పిల్ల మీద వేసి ఊరుకున్నాను."

అక్కడితో చదవడం ఆపేశాను.

నాన్న చెయ్యి నా కోసం మంచమంతా తడుముతోంది.

"ఫోను ఆగిపోయినట్టుందమ్మా... అంతవరకూ విన్నావా?"