చదివినోళ్లెవరు?

బోనులో నిలబడ్డ ముత్యానికి జైలంటే భయం లేదు. అక్కడైతే మాట్లాడటానికి పక్కన మనిషన్నా ఉంటాడు.

భార్య పోయినప్పటి నుంచి జనగామలో ఆయనకు తోడు ఆ చేతి అచ్చుయంత్రమే. వారం వారం నాలుగు పేజీల పత్రిక. తనే రాసి, తనే అక్షరాలు పేర్చి, తనే అచ్చేసి, కట్టలు కట్టి ఊళ్లకు బస్సుల్లో వేస్తాడు. పన్నెండేళ్లయింది. బాగుందని గానీ, బాగలేదని గానీ ఒక్క కార్డుముక్క రాలేదు. ఆ పత్రికను మేకలు కూడా మూడో పేజీ దాకా తినవని బజారులో వేళాకోళం.

కిందటి నెల దాని రెండో పేజీలో సర్కారు రహస్యం ఒకటి అచ్చయింది. కొత్త కాలువ కింద ఎవరెవరి చెల్క భూములు పోతాయో ఆ జాబితా. కాగితం ఎవరిచ్చారంటే ముత్యం నోరు విప్పలేదు. కేసు పెట్టారు.

"భూమి వాళ్లది. వాళ్లకు తెల్వకుంట దాచుడేంది? గదే వాదించు" అన్నాడు తన వకీలు దయాకర్‌తో.

"వాదిస్త. ఓడిపోత. నీకు మూడేండ్లు పడ్తది. గంత పరేషాన్ ఎందుకన్నా? రహస్యం బయటపడ్డదంటే ఎవడన్న చదివి ఉండాలె గద. నీ పత్రిక ఎవ్వరు చదువరని తేలితే కేసే లేదు."

ముత్యానికి ఆ మూడేళ్లే నయమనిపించింది.

సర్కారు వకీలు, కాలువ కింద భూములు పోయే రఘునాథపల్లిలో పత్రిక తెప్పించుకునే పదకొండు మందినీ సాక్ష్యానికి పిలిపించాడు. ఆ కాగితంలో మిర్చీ బజ్జీలు పొట్లం కడతానన్నాడు హోటలు బిక్షం. టమాటల గంప అడుగున పరుస్తానంది సత్తెమ్మ. చదివారా అంటే అందరిదీ ఒకటే మాట, అక్షరం ముక్క రాదని. ఒక్కొక్కరే వేలిముద్ర వేసి దిగిపోయారు. ఒక్కరూ ముత్యం వైపు చూడలేదు.

ఆఖరున పోశాలు అనే ముసలాయన ఎక్కాడు.

"సదువు రానోనికి కండ్లద్దాలెందుకు పెద్దమనిషీ?" అన్నాడు సర్కారు వకీలు.

"బియ్యంల రాళ్లేరనీకి సారూ. మా ముసల్దానికి అసలే కానరాదు."

జడ్జి కూడా నవ్వాడు. ముత్యం నవ్వలేదు. పోశాలు బొటనవేలికి ఊదారంగు సిరా పూసుకుని, ముద్ర వేసి, పంచె అంచుకు తుడుచుకుంటూ పోయాడు.

చదివినవాడే లేనప్పుడు రహస్యం రహస్యంగానే ఉన్నట్టు లెక్క అని జడ్జి కేసు కొట్టేశాడు.

"గెలిచినమన్నా" అని దయాకర్ భుజం తట్టాడు. ముత్యానికి మాత్రం పన్నెండేళ్లు చెవిటివాని ముందర శంఖం ఊదినట్టయింది.

మూడో రోజు పొద్దున ప్రెస్సు బోర్డు విప్పేద్దామని నిచ్చెన వేశాడు. రెండు మెట్లెక్కాడో లేదో, పోస్టుమాన్ సైకిలు ఆపి ఒక కార్డు చేతికిచ్చాడు.

"రెండో పేజీల వాగొడ్డు గంగి చెల్క మర్చిపోయినవు ముత్యం, వచ్చే వారం అచ్చెయ్యి" అని, పంతులు నల్లబల్ల మీద రాసినంత గుండ్రటి అక్షరాలతో ఉన్న ఆ కార్డు కింద, సంతకాలుండాల్సిన చోట, పదకొండు ఊదారంగు వేలిముద్రలున్నాయి.