కొత్త ఎమర్జెన్సీ ఓపెనింగ్

"ఆగమ్మా! లీడర్ సాబ్ రిబ్బన్ కత్తిరించాలె. అప్పటిదాంక ఎమర్జెన్సీ బంద్!" ఆసుపత్రి వాచ్‌మన్ దుర్గయ్య స్ట్రెచర్‌కు అడ్డం నిలబడ్డాడు.

"నా కోడలికి నొప్పులన్నా! పత్తర్‌గట్టి ట్రాఫిక్కే మమ్మల్ని ఆపలే, నువ్వాపుతవా?" మాణిక్యమ్మ గయ్యిమంది.

"పాత గేటుకెల్లి రాండ్రి."

"ఆడ మెట్లున్నయ్. మరి ఈ ర్యాంపు ఎవరికి కట్టిండ్రు, నీ సాబ్ కారుకా?"

స్ట్రెచర్ మీది మహేశ్వరి నొప్పిలోనే కిసుక్కున నవ్వి, చెయ్యి చాచి రిబ్బన్ గుంజింది. ముడి ఊడిపోయింది. రిబ్బన్ పడగానే వాయించమని చెప్పిపెట్టిన మర్ఫా బృందం దరువు అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు.

నోరెళ్లబెట్టిన దుర్గయ్య, సాబ్ కోసం పట్టుకున్న పూలదండను మహేశ్వరి మీద వేసి, తానే స్ట్రెచర్ తోశాడు.

"మరి సాబొస్తే ఏం జెప్తవన్నా?" వెంట ఉరుకుతూ అడిగింది మాణిక్యమ్మ.

"పాత గేటుకెల్లి రమ్మంట!"