పదకొండు గంటల మెసేజీ

ఉదయం పదకొండయింది. ఉయ్యూరులో ఎరువుల కొట్టు నడుపుకునే బసవయ్య ఫోన్ కుయ్‌మంది.

‘మీ అబ్బాయి సాత్విక్ ఈరోజు కాలేజీకి రాలేదు.’

వరసగా ఇది తొమ్మిదో రోజు. బసవయ్యకు ఒళ్లు మండింది. విజయవాడలో ఉన్న ఆ కాలేజీకి ఫోన్ చేసి నాలుగు వాయిద్దామనుకుంటే, ఆఫీసావిడే ఎదురు వాయించింది.

“హాజరు యాభై రెండు శాతమేనండీ! డెబ్బై అయిదు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. ఏడాది పోద్ది. కాస్త పట్టించుకోండి సార్!”

ఏడాది పోద్దన్న మాట బసవయ్యకు గుచ్చుకుంది. తను ఇంటర్ తప్పి చదువు మానేసినవాడు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. హాస్టల్ రూము నంబరు కనుక్కుని బస్సెక్కబోయాడు.

“ఆ పిల్లాడి గోల మీకెందుకండీ? చదివితే చదువుతాడు, లేకపోతే లేదు!” అంది భార్య కనకలక్ష్మి. వింటేగా!

తలుపు తీసిన సాత్విక్ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మంచం మీది ఫోన్‌లో ఎవరో ఎవర్నో ఇంకా కాలుస్తూనే ఉన్నారు. నిద్రమత్తులో ఎదురుగా ఉన్నదెవరో కూడా వాడికి తెలియలేదు. బసవయ్య తొమ్మిది మెసేజీలూ చూపించాక మత్తంతా దిగిపోయింది.

“ఇంట్లో మాత్రం చెప్పకండి, ప్లీజ్! మీ కాళ్లు పట్టుకుంటా.”

“కాళ్లొద్దు గానీ, ఆ ఫోనిటియ్యి.”

స్మార్ట్‌ఫోన్ బసవయ్య సంచిలోకి వెళ్లింది. బటన్ల ఫోనొకటి సాత్విక్ చేతికొచ్చింది. రోజూ పొద్దున్నే ఆరింటికి అది మోగేది.

“లేచావట్రా? పుస్తకం తియ్యి. గట్టిగా చదువు, నాకు వినపడాలి!”

థర్మోడైనమిక్స్ వింటూ బసవయ్య పళ్లు తోముకునేవాడు. పదకొండయ్యేసరికి కొట్టులో బేరాలన్నీ ఆగిపోయేవి. మెసేజీ రాలేదని రూఢి అయ్యాకే యూరియా బస్తా కదిలేది.

“ఆ పిల్లాడి ఫోన్ పిచ్చి కుదిరింది, మీకు పట్టుకుంది!” అని కనకలక్ష్మి తలకొట్టుకునేది.

కిందా మీదా పడి హాజరు డెబ్బై ఆరుకు చేరింది. సాత్విక్ పరీక్షలు రాశాడు. అన్నీ పాసయ్యాడు. లెక్కల్లో ఏకంగా క్లాసు ఫస్టు.

తల్లిదండ్రుల సమావేశానికి రమ్మని మెసేజీ వచ్చింది. బసవయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. ప్రిన్సిపాల్ స్టెల్లా గారు ఆయన్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు.

“ఫోన్లు పిల్లల చదువు మింగేస్తున్నాయని అందరం ఏడుస్తున్నాం. ఈయన అదే ఫోన్‌తో పిల్లాడి ఏడాది కాపాడుకున్నారు!”

హాలంతా చప్పట్లు. బసవయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. శాలువాతోనే కళ్లు తుడుచుకుని, కిందికి దిగి, సాత్విక్‌ను ఒక మూలకు లాక్కెళ్లాడు.

“అబ్బాయ్, కాలేజీ ఫారంలో నోటికొచ్చిన అంకెలేస్తే అది నా నంబరైంది సరే, ఇకనైనా అది కొట్టేసి మీ నాన్న నంబరు రాయరా!”