ఒక్క తడి

“ఇంకో నాలుగు చుట్లు తిప్పరా. నీ సొమ్మేం పోయింది?”

అన్న గేటు చక్రం మీద చెయ్యి వేసి మరీ అడిగాడు. తమ్ముడు ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. పొలాల కాలువ గేటుకు లస్కరు అతడే. చక్రం తిప్పి గేటు ఎత్తితే నది నీళ్లు పొలాలకు పారతాయి, దించితే నగరానికి పోయే పెద్ద పైపుల్లోకి మళ్లుతాయి. ఈ ఎండల్లో వంతు నగరానిది. పొలాల కాలువకు మోకాలి లోతుకు మించి వదలొద్దని ఇంజనీరు గారి హుకుం.

“నా సొమ్ము కాదు కాబట్టే తిప్పను అన్నయ్యా. అక్కడ జనానికి తాగడానికే లేవు. ఆసుపత్రులకి కూడా ట్యాంకర్లే దిక్కు.”

“ఇక్కడ వరి పొట్ట మీదుంది. చేనుకి నీళ్లు కట్టి ఎన్నాళ్లయిందో తెలుసా? ఒక్క తడి, ఒక్క తడి కడితే గట్టెక్కుతుంది.”

“మోకాలి లోతు వస్తున్నాయిగా?”

“ఎక్కడొస్తున్నాయి? రోడ్డు కింద తూము దగ్గరే ఆగి చస్తున్నాయి. గుర్రపుడెక్క మొక్క పట్టేసింది, తీయించరా అంటే విన్నావా?”

“పైవాళ్లకి చెప్పాను. మనుషుల్ని పంపుతామన్నారు.”

“పంపుతారు. నేను పోయాక పంపుతారు.”

తమ్ముడు తల దించుకున్నాడు. తోడబుట్టినవాడికి మొండిచెయ్యి చూపించడం ఎవరికి మాత్రం సరదా? ఈ ఉద్యోగం వచ్చినప్పుడు, ఇక మన చేలకు ఢోకా లేదని ఊరంతా తిరిగి చెప్పుకున్నది ఈ అన్నే. కానీ ఇవాళ అన్నకు తిప్పితే రేపు ఊరు ఊరంతా వచ్చి చక్రం మీద పడుతుంది.

“వదినేమంటోంది?” అన్నాడు మాట మార్చడానికి.

“ఏమంటుంది? ఆ నగరంలోనే పుట్టి కుళాయి నీళ్లతో పెరిగిన మనిషి. వాళ్లమ్మ అక్కడ బిందె పట్టుకుని వరసలో నిలబడుతోంది, మొగుడు ఇక్కడ చేను చూసి ఏడుస్తున్నాడు. ఎటని మాట్లాడుతుంది? నిన్ను మాత్రం అడగొద్దంది.” అన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “ఆ చేను పోతే నేనూ పోయినట్టే. గుర్తుంచుకో.”

గేటు పక్కనున్న లస్కరు గది గోడకు ఆనించిన కొడవలి తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా కాలువ గట్టు మీదుగా వెళ్లిపోయాడు. తమ్ముడికి ఆ పూట అన్నం సయించలేదు.

మధ్యాహ్నం ఫోను మోగింది. వదిన! ఎన్నడూ తనంతట తాను ఫోను చెయ్యని మనిషి. ఆ గదిలో సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అతడు గబగబా కిటికీ దగ్గరికి నడిచాడు.

“మరిదీ... నీళ్లు కట్టెయ్యి... నీ కాళ్లు పట్టుకుంటా...”

“ఏమైంది వదినా? అన్నయ్యేడీ?”

“మీ అన్న ప్రాణం పోతోంది... తొందరగా కట్టెయ్యి...”

లైను తెగిపోయింది. మళ్లీ మళ్లీ చేశాడు, కలవలేదు.

అన్నంత పనీ చేస్తున్నాడు! పురుగుల మందు డబ్బా ముందు పెట్టుకుని చేలో కూర్చునుంటాడు. నీళ్లు కంటబడితే గాని ఆ మొండిమనిషి డబ్బా కింద పెట్టడు. అడగొద్దన్న వదినే కాళ్లు పట్టుకుంటానందంటే ఇంకేం మిగిలింది?

చక్రం పట్టుకుని, ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పాడు. నీళ్లు హోరుమంటూ కాలువలోకి దూకాయి.

మళ్లీ ఫోను. ఈసారి ఇంజనీరు గారు. అధికారుల ఫోనుకు సిగ్నలు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

“నగరం పైపుల్లో నీళ్లు పడిపోతున్నాయి. ఏం చేశావయ్యా?”

“పొలాల గేటు మొత్తం ఎత్తేశాను సార్.”

“మతి పోయిందా? దించు ముందు!”

“దించను సార్. మా అన్న ప్రాణం ఆ నీళ్లలో ఉంది.”

“నీ ఉద్యోగం ఊడిపోతుంది!”

“ఊడనివ్వండి.”

ఆ గదిలో చేరిన నాటినుంచి పైవాళ్లకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. అయినా మనసు తేలికపడింది. నగరానికి అన్యాయమే చేశాడు, కాదనడు. ఒక్క తడి పారగానే దించేస్తాడు. ఆ తర్వాత ఉరి వేసినా సరే.

గట్టు మీద నిలబడి, ఒడ్డులొరుసుకుంటూ పోతున్న నీళ్లను తృప్తిగా చూశాడు. చాలాసేపటికి లైను కలిసింది.

“వదినా! నీళ్లు అందాయా?”

అటువైపు ఎవరెవరో అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్య వదిన అంది.

“కట్టెయ్యమంటే ఎందుకు కట్టెయ్యలేదయ్యా?”

“కట్టాను కదా వదినా! గేటు మొత్తం ఎత్తేశాను. అన్నయ్యని చూసుకోమను, చేను నిండా నీళ్లే.”

“కట్టెయ్యమంటే ఆపెయ్యమని కదయ్యా, కుళాయి కట్టేసినట్టు!” వదిన గొల్లుమంది.

“గుర్రపుడెక్క కోయడానికి దిగి మీ అన్న తూములో ఇరుక్కుపోయాడయ్యా.”