చిలకల అంచు

పగ తీర్చుకోవడానికి కొందరు కత్తి పడతారు, కొందరు కోర్టుకెక్కుతారు. మహేశ్వరి ఎంబీఏ చదువుతానంది.

ధర్మవరంలో కారెక్కినప్పటి నుంచి ఆమె కిటికీలోంచి బయటికే చూస్తోంది. భర్త హరినాథ్ మాత్రం బండి తోలుతూ వాగుతూనే ఉన్నాడు. అనంతపురం దాటి, ఎండిపోయిన శెనక్కాయ చేల మధ్య నుంచి పోయి, బిజినెస్ స్కూలు గేటు ముందు ఆగారు. సీటు తీసుకునే ముందు భార్యాభర్తలిద్దరూ వచ్చి చూసి పోవాలన్నది ఆ స్కూలు పద్ధతి. ఏడాది పాటు హాస్టల్లోనే ఉండి చదవాలి మరి. ఇవాళ సరేనన్న మొగుడు రేపొచ్చి మధ్యలో లాక్కుపోతే?

"ఊర్లో ఇన్ని కాలేజీలుంటే ఈ అడివిలోదే కావాలంటివి," అన్నాడు హరినాథ్.

"ఇదే కావాల," అంది మహేశ్వరి.

వాళ్లది పట్టుచీరల దుకాణం. వెనకాలే మగ్గాల షెడ్డు. డిజైన్లు గీసేది మహేశ్వరి. జోడు చిలకల అంచు కోసం ఏడాదంతా కూర్చుని గీసింది. మొదటి చీర ఇంకా మగ్గం మీద ఉండగానే అదే అంచు ఎదురుగా ఉన్న నాగేశ్వర దుకాణంలో, అద్దాల వెనక వేలాడింది. మరమగ్గం చీర, చవక. జనం ఎగబడ్డారు. తీరా మహేశ్వరి చీర బయటికొచ్చాక, "నాగేశ్వర చీరను చూసి నేసినారా అమ్మా?" అని ఆమెనే అడిగారు.

గుట్టు బయటికి చేరవేసింది ఆ చీర నేస్తున్న ఆంజినప్పేనని హరినాథ్ తేల్చాడు. కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తానన్నాడు ఆంజినప్ప. హరినాథ్ వినలేదు. మెడ పట్టి గెంటినంత పని చేశాడు.

ఆ రోజే మహేశ్వరి ఒట్టు పెట్టుకుంది. "నా చిలకల్ని అమ్ముకున్నోడు నడిబజార్లో నిలబడాల. నేను చూడాల."

ఆమె మరిచిపోయే మనిషి కాదు. చిన్నప్పుడు తన పలక పగలగొట్టిన పిల్లను పెళ్లికి కూడా పిలవలేదు.

స్కూలు డైరెక్టర్ పద్మజ వాళ్లను దగ్గరుండి తిప్పింది. క్లాసులు, లైబ్రరీ, ట్యాంకర్ నీళ్లు పోసి పెంచుతున్న పచ్చగడ్డి, అన్నీ చూపించి తన గదిలో కూర్చోబెట్టింది.

"ఈ చదువు ఎందుకు కావాలనుకుంటున్నారమ్మా?"

"ఒకని దుకాణం గుంజుకోవాల మేడమ్."

పద్మజ పకపకా నవ్వింది. మహేశ్వరి నవ్వలేదు.

"మా డిజైన్ ఒగడు కాపీ కొట్టినాడు మేడమ్. ఆ మంట," అని సర్దాడు హరినాథ్.

"అచ్చంగా అలాగే దించేశాడా?"

"అచ్చంగా ఏం గాదు మేడమ్," అంది మహేశ్వరి. "వాని చిలకలకు కండ్లు లేవు. మేం కాగితం మీద చిలకకు కన్ను పెట్టం. మా నాయన కాలం నుంచి అంతే. చీర మగ్గమెక్కినాక కన్ను చేత్తో నేస్తాం. ఆ కాగితం మా ఇంటి బీరువా దాటదు."

"దొంగసరుకు గుడ్డిదే అయితాది లే," అన్నాడు హరినాథ్. "ఇంటిదొంగను ఈశ్వరుడే పట్టలేడంటారు. నేను పట్టినా మేడమ్. ఆంజినప్ప అని..."

"ఆ సంగతి ఈడెందుకు లేండి," అని ఆపింది మహేశ్వరి.

పద్మజ అసలు చిక్కు అప్పుడు చెప్పింది. ఇది కుటుంబ వ్యాపారాల కోర్సు. వ్యాపారం ఎవరి పేరున ఉంటే వాళ్లకే సీటు. దుకాణం, షెడ్డు రెండూ హరినాథ్ పేరునే ఉన్నాయి.

మహేశ్వరి లేచింది. "పోదాం పాండి. నా రాత ఇంతే."

హరినాథ్ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఇంటికి ఎన్నాళ్లకొకసారి పంపిస్తారు మేడమ్?"

"రెండు నెలలకోసారి. మధ్యలో రావడానికి లేదు."

"అట్లుంటేనే చదువు తలకెక్కేది!" హరినాథ్ మొహం వెలిగిపోయింది. "రెండూ నీ పేరుకే రాపిచ్చేస్తా. నా పేరుంటే ఏమి, నీ పేరుంటే ఏమి? నువ్వు నిమ్మళంగా చదువుకో. ఆడ అంతా నేను చూసుకుంటా."

"బాగా ఆలోచించుకోండి. తొందరేముండాది?" అంది మహేశ్వరి.

"తొందరే. సీటు పోతాది."

పద్మజకు ముచ్చటేసింది. ఇలాంటి భర్త ఎంతమందికి దొరుకుతాడమ్మా అని పైకే అంది. మహేశ్వరి తల వంచుకుంది.

వారం తిరక్కుండా దుకాణం, షెడ్డు రెండూ మహేశ్వరి పేరున రిజిస్ట్రేషన్ అయిపోయాయి. ఇద్దరూ ఆఫీసు నుంచి దుకాణానికి వచ్చేసరికి వెనక షెడ్డులో మగ్గం ఆడుతోంది. హరినాథ్ తొంగి చూశాడు. ఆంజినప్ప నేస్తున్నాడు.

"వీణ్ని ఎవరు రానిచ్చినారు?"

"నేనే పిలిపించినా."

హరినాథ్ పళ్లు నూరాడు. తర్వాత ఎందుకో తగ్గాడు. "సరే, నువ్వు పోయినాక వాని సంగతి నేను చూస్తా. హాస్టలుకు బట్టలు ఎప్పుడు సర్దుకుంటావు?"

"నేను యాడికీ పోను. నువ్వు సర్దుకో."

పెళ్లయినప్పటి నుంచి ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. హరినాథ్ తెల్లబోయాడు.

"నేనా? నేను యాడికి పోవాల?"

"నాగేశ్వర కాడికే పో, కన్ను లేని నా చిలకల కాగితం వానికి అమ్మింది నువ్వే గదా!"